అండాశయాలు ఆగిపోయాక ఎముకల కోసం ఏది ఎంచుకోవాలి: వైబ్రేషన్ మెషీనా, బరువులా, మందులా?

అండాశయాలు పనిచేయడం ఆగిపోయాక ఎముకలు గుల్లబారతాయని ఇప్పుడు చాలామందికి తెలుసు. వయసు వచ్చి ముట్లు ఆగినా, ఆపరేషన్‌లో అండాశయాలు తీసేసినా జరిగేది అదే. తెలియక సతమతమయ్యేది ఆ తర్వాతి సంగతి గురించి. ఫోన్ తెరిస్తే "రోజుకు పది నిమిషాలు నిలబడితే చాలు, ఎముకలు గట్టిపడతాయి" అని వైబ్రేషన్ ప్లేట్ల (మీద నిలబడితే కరెంటుతో కంపించే పలకల) ప్రకటనలు. డాక్టరు వారానికొక మాత్ర రాస్తారు. కూతురు జిమ్‌కి రమ్మంటుంది. పక్కింటావిడ నడక చాలంటుంది. డబ్బు, ఓపిక, టైము అన్నీ కొంతే ఉన్నప్పుడు దేనికి ఎంత పెట్టాలన్నదే ఇక్కడి చర్చ.

మన రెండు రాష్ట్రాల్లో ఈ చర్చ అవసరం ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. వీళ్లలో ఎందరికో ముప్పైల్లో, నలభైల్లోనే ఆపరేషన్ అయింది. ఆ వయసులో ఎముకల మాట ఎవరూ ఎత్తరు.

## ముందు తేల్చుకోవాల్సినవి

అండాశయాలు ఉన్నాయా, తీసేశారా? "గర్భసంచి తీసేశారు" అని మాత్రమే చాలామందికి గుర్తుంటుంది. పాత డిశ్చార్జ్ సమ్మరీ వెతకండి. అందులో "బి.ఎస్.ఓ." అని ఉంటే రెండు అండాశయాలూ తీసేశారని అర్థం. "టి.ఎ.హెచ్." అని మాత్రమే ఉంటే గర్భసంచి తీసి అండాశయాలు ఉంచారని. ఉంచినా అవి కొందరిలో మామూలుకన్నా కొన్నేళ్లు ముందే ఆగిపోతాయి. గర్భసంచి లేదు కనుక ముట్లు ఆగడమనే గుర్తు కూడా కనబడదు. ఒంట్లోంచి వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు మొదలైతే అనుమానించి డాక్టరుకు చెప్పాలి.

ఏ వయసులో ఆగాయి? ఎముక ఎప్పుడూ ఒక పక్క కరుగుతూ, ఇంకో పక్క కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది. కరిగించే కణాలను అదుపులో పెట్టేది అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజన్ అనే హార్మోన్. అది పోయాక మొదటి ఐదారేళ్లలోనే నష్టం అన్నిటికన్నా వేగంగా జరుగుతుంది. కొందరు ఆ కాలంలో 20 శాతం దాకా ఎముక పోగొట్టుకుంటారు. 52 ఏళ్లకు ఈ దశ మొదలైన ఆవిడకీ, 36 ఏళ్లకే మొదలైన ఆవిడకీ ఒకే సలహా పనికిరాదు.

డెక్సా స్కాన్‌లో టి-స్కోర్ ఎంత? డెక్సా అంటే ఎముక సాంద్రత కొలిచే ఎక్స్‌రే పరీక్ష. ఆరోగ్యంగా ఉన్న యువతి ఎముకతో పోలిస్తే మీది ఎంత తేడాగా ఉందో చెప్పే అంకె టి-స్కోర్. మైనస్ 1, అంతకంటే పైన ఉంటే మామూలు. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఎముక పలచబడింది. మైనస్ 2.5, అంతకన్నా కిందికి దిగితే గుల్లబారింది. షాపుల్లో, క్యాంపుల్లో మడమ మీద పెట్టి చూసే చిన్న పరీక్ష దీనికి సరిపోదు. తుంటి, నడుము దగ్గర తీసే డెక్సా కావాలి.

ఇప్పటికే ఎముక విరిగిందా? నిలబడిన ఎత్తు నుంచి పడి మణికట్టో తుంటో విరిగితే, టి-స్కోర్ ఎలా ఉన్నా అది పెద్ద హెచ్చరిక. వెన్నుపూసలు చప్పుడు లేకుండా నలిగిపోతాయి. నాలుగైదు సెంటీమీటర్లు పొట్టిగా అయ్యారనిపిస్తే ఎక్స్‌రే తీయించుకోండి.

ఇక ప్రతి మార్గాన్నీ తూచేటప్పుడు మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. ఎముక సాంద్రత పెరిగిందా? పడిపోవడం తగ్గిందా? ఎముకలు విరగడం తగ్గిందా? ప్రకటనల్లో ఈ మూడూ కలిపేస్తారు. మొదటిదానికి ఉన్న ఆధారం చూపించి మూడోది హామీ ఇస్తారు.

## వైబ్రేషన్ మెషీన్

ఈ ఆలోచన ఉత్తపుణ్యానికి పుట్టలేదు. ఎముక లోపల చిక్కుకుని ఉండే కణాలు ఒత్తిడిని పసిగడతాయి. బరువు పడితే "ఇక్కడ గట్టిపరచండి" అని కబురు పంపుతాయి. పెద్ద బరువు కొద్దిసార్లు పడేందుకు బదులు, అతి చిన్న కదలిక సెకనుకు ముప్పైసార్లు అందితే అదే కబురు వెళ్తుందా అని శాస్త్రవేత్తలు పరీక్షించారు. 2001లో 'నేచర్' పత్రికలో వచ్చిన ప్రయోగంలో గొర్రెల వెనక కాళ్లను రోజుకు 20 నిమిషాలు, వారానికి 5 రోజులు, ఏడాది పాటు సన్నటి కంపనం మీద నిలబెట్టారు. తొడ ఎముక పైభాగంలోని స్పాంజి లాంటి ఎముక సాంద్రత 34 శాతం పెరిగింది. ఈ అంకె ప్రపంచమంతా తిరిగింది. అండాశయాలు తీసేసిన ఎలుకల మీదా చాలా ప్రయోగాలు జరిగాయి. వాటి ఫలితాలు ఒక్కలా లేవు. పైగా ఎలుక ఎముక పెద్దయ్యాక కూడా పెరుగుతూనే ఉంటుంది. మన ఎముక అలా పెరగదు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ 34 శాతం కనిపించలేదు. 2004లో ముట్లు ఆగిన 70 మంది మీద ఏడాది చేసిన పరీక్షలో మొత్తంగా చూస్తే తేడా లేదు. సన్నగా ఉండి, అందరికన్నా క్రమంగా చేసినవాళ్లలో మాత్రం కొంత ఫలితం కనబడింది. అదే ఏడాది బెల్జియంలో ఇంకో 70 మందితో చేసిన పరీక్షలో ఒక జట్టు ఆరు నెలలు ప్లేట్ మీద నిలబడి గుంజీల లాంటి వ్యాయామాలు చేసింది. వాళ్లకు తుంటి దగ్గర దాదాపు 0.9 శాతం పెరిగింది, నడుము దగ్గర మార్పు లేదు. 2006లో స్పెయిన్‌లో 28 మందితో చేసిన చిన్న పరీక్షలో, ఊయల బల్లలా ఎడమ కుడి వైపులకు ఊగే ప్లేట్ వాడినవాళ్లకు నడక వాళ్లకన్నా తొడ ఎముక మెడ దగ్గర 4.3 శాతం మేలు కనబడింది. తర్వాత పెద్ద పరీక్షలు వచ్చాయి. 2011లో టొరంటోలో 202 మందితో చేసిన పరీక్షలో ప్లేట్ జట్లవాళ్లు రోజూ 20 నిమిషాల చొప్పున ఏడాది నిలబడ్డారు. అందరికీ కాల్షియం, విటమిన్ డి ఇచ్చారు. ప్లేట్ వల్ల సాంద్రతలో మార్పేమీ లేదు. 2015లో అమెరికాలో 174 మంది వృద్ధులతో రెండేళ్లు చేసినదీ అలాగే తేలింది.

అయితే 2014లో హాంగ్‌కాంగ్‌లో 60 ఏళ్లు దాటిన 710 మందితో 18 నెలలు చేసిన పరీక్షను నేను గట్టిగా పట్టించుకుంటాను. అక్కడా ఎముక సాంద్రత పెరగలేదు. కానీ పడిపోవడమో ఎముక విరగడమో జరిగినవాళ్లు ప్లేట్ వాడినవారిలో 18.6 శాతం, వాడనివారిలో 28.7 శాతం. కాళ్ల బలం, నిలకడ మెరుగుపడ్డాయి. తుంటి విరగడం దాదాపు ఎప్పుడూ పడిపోవడంతోనే జరుగుతుంది కాబట్టి ఇది చిన్న లాభం కాదు. ఈ మెషీన్‌కు నేనిచ్చే మార్కులన్నీ ఇక్కడే. ఎముకను కట్టే పరికరంగా దీన్ని నమ్ముకోకూడదు. కాళ్లను మేల్కొలిపే పరికరంగా కొందరికి పనికొస్తుంది.

కొనేవాళ్లు ఒక లెక్క చూడాలి. ఆ పరిశోధనల్లో ఎక్కువగా వాడింది భూమ్యాకర్షణలో మూడో వంతు కూడా లేని కంపనం, అంటే 0.3 జి. సెకనుకు 30 సార్లు (30 హెర్ట్జ్) ఊగే ప్లేట్‌కు 0.3 జి అంటే, ప్లేట్ తన చోటు నుంచి మిల్లీమీటరులో పదో వంతు కూడా కదలదు. కంటికి కదులుతున్నట్టే తెలియదు. అదే వేగంలో ఒక మిల్లీమీటరు కదిలితే బలం 3.6 జి అవుతుంది. ఆన్‌లైన్‌లో బరువు తగ్గడానికని అమ్మే, పొట్ట, బుగ్గలు కూడా ఊగిపోయే ప్లేట్లు ఈ రెండో రకానివి. "99 స్పీడ్ లెవెల్స్" అని రాస్తారు తప్ప ఎన్ని హెర్ట్జో, ఎన్ని మిల్లీమీటర్లో రాయరు. గుల్లబారిన వెన్నుపూసలున్న మనిషి దాని మీద ఎక్కడం ప్రమాదం.

నిలబడే తీరు కూడా ముఖ్యమే. మోకాళ్లు బిగించి నిటారుగా నిలబడితే కంపనం నేరుగా వెన్ను గుండా తలదాకా వెళ్తుంది. పళ్లు టకటకలాడితే, చూపు మసకబారితే అదే కారణం. మోకాళ్లు కొద్దిగా వంచి, బరువు పాదాల ముందు భాగం మీదికి కొంచెం తెచ్చి, చేత్తో పట్టీ పట్టుకుంటే తొడ కండరాలే చాలావరకు పీల్చుకుంటాయి. పరిశోధనల్లోని సన్నటి ప్లేట్ల మీద మాత్రం నిటారుగానే నిలబెట్టారు. ఆ పద్ధతిని బలమైన మెషీన్‌కు తెచ్చిపెట్టకూడదు.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు, ఈమధ్యే ఆపరేషనో ఫ్రాక్చరో అయినవాళ్లు, కంటి రెటీనా సమస్య, కిడ్నీ లేదా పిత్తాశయంలో రాళ్లు, హెర్నియా, కృత్రిమ కీళ్లు, తరచూ కళ్లు తిరగడం ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఎక్కకూడదు. గర్భసంచి ఆపరేషన్ అయిన కొత్తలో అసలే వద్దు.

## బరువులెత్తడం

మన ఇళ్లలో ఆపరేషన్ అయిన ఆడమనిషికి మొదట వినిపించే మాట "ఇక బరువులెత్తకు". కుట్లు మానడానికి డాక్టర్లు ఆరు వారాలు, ఎనిమిది వారాలు అలా చెబుతారు. ఇంట్లోవాళ్లు దాన్ని జీవితాంతానికి పొడిగిస్తారు. నీళ్ల బిందె ఎత్తనివ్వరు, బియ్యం బస్తా ముట్టుకోనివ్వరు. ప్రేమతోనే. కానీ ఈస్ట్రోజన్ అండ పోయిన ఎముకకు మిగిలిన పెద్ద ఆసరా బరువే. దాన్నీ తీసేస్తున్నాం. ఆ భయం ఉంది కాబట్టే "ఊరికే నిలబడితే చాలు" అనే మెషీన్ అంత ఆకర్షిస్తోందని నా నమ్మకం.

ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ యూనివర్సిటీ వాళ్లు 2018లో ప్రచురించిన 'లిఫ్ట్‌మోర్' పరీక్ష ఈ భయానికి మంచి జవాబు. ఎముక పలచబడిన, 58 ఏళ్లు దాటిన 101 మంది పాల్గొన్నారు. ఒక జట్టు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున ఎనిమిది నెలలు శిక్షకురాలి పర్యవేక్షణలో పెద్ద బరువులే ఎత్తింది. నేల మీది బరువు లేపడం, భుజాల మీద బరువుతో గుంజీలు, తల పైకి ఎత్తడం, కమ్మీ పట్టుకుని ఎగిరి కిందికి దిగడం, ఈ నాలుగే. వాళ్లకు నడుము ఎముక 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసిన జట్టుకు 1.2 శాతం తగ్గింది. అన్ని నెలల్లో ఒకరికి నడుం పట్టేయడం తప్ప దెబ్బలేమీ తగల్లేదు. మొదటి నెల అంతా తేలిక బరువులతో ఎత్తే తీరే నేర్పారు. ఆ నెలను వదిలేసి నేరుగా బరువులకు వెళ్తే ఈ ఫలితాన్ని ఆశించకూడదు.

దగ్గర్లో జిమ్ లేనివాళ్లకు మొదలుపెట్టే తీరు ఇది. ఐదు కిలోల బియ్యం సంచి ఒక స్టూలు మీద పెట్టండి. పాదాలు భుజాలంత ఎడంగా ఉంచి, కుర్చీలో కూర్చోబోతున్నట్టు పిరుదులు వెనక్కి నెట్టండి. వెన్ను చీపురుకట్టలా నిటారుగా ఉండాలి, వంగకూడదు. సంచిని ఒంటికి ఆనించి పట్టుకుని పాదాలతో నేలను తోస్తూ లేవండి. ఐదుసార్లు ఎత్తి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ ఐదు. తేలికైపోయిందనిపించాక స్టూలు ఎత్తు తగ్గించి, తర్వాత బరువు పెంచండి. ఎప్పటికీ ఐదు కిలోల దగ్గరే ఆగిపోతే ఎముకకు కొత్త కబురేమీ అందదు. దగ్గితే మూత్రం పడుతున్నవాళ్లు, కింద ఏదో జారుతున్నట్టు అనిపించేవాళ్లు ముందు గైనకాలజిస్టుకో ఫిజియోథెరపిస్టుకో చూపించుకుని మొదలుపెట్టాలి. టి-స్కోర్ మైనస్ 2.5 కన్నా కింద ఉంటే ఒంటరిగా వద్దు, పక్కన నేర్పే మనిషి ఉండాలి.

## నడక, యోగా

నడక గుండెకు, షుగరుకు, మనసుకు మంచిది. నడుము ఎముక సాంద్రతను అదొక్కటే పెంచదు. తుంటికి కొద్దిపాటి మేలు. ఇప్పటికే నడుస్తున్నవాళ్లు మానక్కర్లేదు, దాన్నే ఎముకల వైద్యమనుకుని ఆగిపోకండి.

యోగాలో నిలకడ వస్తుంది, అది విలువైనది. ప్రమాదం ముందుకు వంగే ఆసనాలతోనే. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆస్పత్రి వాళ్లు ఎముక గుల్లబారిన 59 మందిని గమనిస్తే, వెన్ను వెనక్కి వంచే వ్యాయామం చేసినవాళ్లలో 16 శాతం మందికి కొత్తగా వెన్నుపూసలు నలిగాయి. ముందుకు వంగే వ్యాయామం చేసినవాళ్లలో 89 శాతం మందికి. కాబట్టి పశ్చిమోత్తానాసనం, పాదహస్తాసనం, సూర్య నమస్కారాల్లో ముందుకు వంగే భాగం గుల్లబారిన వెన్ను ఉన్నవాళ్లు మానేయాలి. వృక్షాసనం, వీరభద్రాసనం గోడ పక్కన నిలబడి చేసుకోవచ్చు.

## హార్మోన్లు, మందులు

"విరగడం తగ్గిందా" అన్న మూడో ప్రశ్నకు గట్టి ఆధారం ఉన్నది ఇక్కడే. ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించే జోలెండ్రోనిక్ యాసిడ్ 2007లో వచ్చిన పెద్ద పరీక్షలో మూడేళ్లకు వెన్నుపూసలు విరగడాన్ని 70 శాతం, తుంటి విరగడాన్ని 41 శాతం తగ్గించింది. వారానికోసారి వేసుకునే 70 మిల్లీగ్రాముల అలెండ్రోనేట్ మాత్ర చవక. పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో వేసుకుని అరగంట పడుకోకూడదు, కాఫీ కూడా తాగకూడదు. లేకపోతే అన్నవాహిక పూస్తుంది, మందూ ఒంటికి పట్టదు. ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది, కానీ మధ్యలో మానేస్తే వెన్నుపూసలు వరసగా విరిగే ప్రమాదముంది. తేదీ తప్పకుండా వెళ్లగలిగితేనే మొదలుపెట్టండి. ఈ మందులతో దవడ ఎముక దెబ్బతినడం, తొడ ఎముక అరుదైన తీరులో విరగడం ఉన్నాయి, కానీ చాలా తక్కువమందికి. పళ్లు పీకించుకోవాల్సి ఉంటే ఆ పని ముందే ముగించుకోవడం మంచిది.

హార్మోన్ మాత్రలంటే మన దగ్గర భయం ఎక్కువ. యాభైలు దాటాక మొదలుపెట్టడం వేరు, 38 ఏళ్లకే అండాశయాలు పోయిన మనిషికి ఇవ్వడం వేరు. రెండో ఆవిడకు ఇచ్చేది ఆ వయసులో ఒంట్లో సహజంగా ఉండాల్సినదే. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం లాంటివి లేకపోతే మామూలుగా ముట్లు ఆగే వయసు దాకా వాడమనే నిపుణుల సలహా. గర్భసంచి లేనివాళ్లకు ఈస్ట్రోజన్ ఒక్కటే సరిపోతుంది. గర్భసంచి ఉంటే ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోన్ కూడా కలపాలి.

ఏ మార్గం పట్టినా కాల్షియం, విటమిన్ డి వదలకూడదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, ముట్లు ఆగిన ఆడవాళ్లకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం ఉండాలంటుంది. వంద గ్రాముల రాగుల్లో 340-360 మిల్లీగ్రాములు, గ్లాసుడు పాలల్లో సుమారు 240 ఉంటాయి. ఇంత ఎండ ఉన్న మన ప్రాంతంలోనూ విటమిన్ డి లోపం విస్తారంగా ఉంది, రక్తపరీక్ష చేయించుకుని మాత్ర వేసుకోవడమే దారి.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| మార్గం | ఎముక సాంద్రత | పడిపోవడం | విరగడం తగ్గుతుందన్న ఆధారం | ఇబ్బంది |
|---|---|---|---|---|
| సన్నటి వైబ్రేషన్ (0.3 జి) | పెద్ద పరీక్షల్లో మార్పు లేదు | తగ్గే అవకాశం ఉంది | చాలదు | ఖరీదు, రోజూ 20 నిమిషాలు |
| బలమైన వైబ్రేషన్ ప్లేట్ | చిన్న పరీక్షల్లో కొద్దిగా పెరిగింది | కాళ్ల బలం పెరగొచ్చు | లేదు | గుల్లబారిన వెన్నుకు ముప్పు |
| పెద్ద బరువులు | నడుము దగ్గర బాగా | తగ్గే అవకాశం | సూటిగా తేలలేదు | నేర్పే మనిషి కావాలి |
| నడక | తుంటి దగ్గర స్వల్పం | తేలలేదు | లేదు | సులువు, ఖర్చు లేదు |
| యోగా | సరిగా తేలలేదు | తగ్గే అవకాశం | లేదు | ముందుకు వంగే ఆసనాలు ప్రమాదం |
| మందులు | బాగా పెరుగుతుంది | ప్రభావం లేదు | గట్టిగా ఉంది | దుష్ఫలితాలు, క్రమం తప్పకూడదు |

## మీరు ఎవరు?

45 లోపే రెండు అండాశయాలూ తీసేసినవాళ్లు. మీకు వైబ్రేషన్ మెషీన్ ప్రశ్నే కాదు. ఆ డబ్బుతో గైనకాలజిస్టునో ఎండోక్రినాలజిస్టునో (హార్మోన్ల డాక్టరు) కలిసి హార్మోన్ల గురించి అడగండి, డెక్సా తీయించుకోండి. పక్కనే బరువులు మొదలుపెట్టండి. మీకింకా ముప్పై నలభై ఏళ్లు ఆ ఎముకల మీదే నిలబడాలి.

యాభైల్లో ఉన్నారు, టి-స్కోర్ మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య, మోకాళ్లు బాగానే ఉన్నాయి. బరువులే. వారానికి రెండు రోజులు చాలు. మెషీన్‌కయ్యే డబ్బు ఆరు నెలలు మంచి శిక్షకురాలికి పెడితే ఎక్కువ దక్కుతుంది. డాక్టరు మీ మొత్తం ముప్పు లెక్కగట్టి మందు అవసరమంటే దాన్ని ఓటమిగా అనుకోవద్దు.

65 దాటారు, మైనస్ 2.5 కిందికి వెళ్లింది, లేదా ఒకసారి విరిగింది. మందు ముందు. వ్యాయామం కోసం దాన్ని వాయిదా వేయకూడదు. నిలకడ వ్యాయామాలు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, బాత్రూంలో పట్టుకునే కమ్మీ, రాత్రి వరండాలో లైటు, ఇవన్నీ తుంటిని కాపాడతాయి. ఫిజియోథెరపిస్టు దగ్గర సన్నటి వైబ్రేషన్ ప్లేట్ ఉంటే ఆయన పర్యవేక్షణలో అదనంగా వాడుకోవచ్చు.

మోకాళ్లు అరిగి గుంజీలు తీయలేరు, బరువులంటే శరీరం సహకరించదు. వైబ్రేషన్‌కు న్యాయంగా చోటున్నది మీ దగ్గరే. కుర్చీ పట్టుకుని చేసే వ్యాయామంతో కలిపి వాడితే కాళ్ల బలం, నిలకడ బాగుపడే అవకాశం ఉంది. ఎముక సాంద్రత కోసం మాత్రం మందు వైపే చూడాలి.

రొమ్ము క్యాన్సర్ వైద్యంలో అండాశయాలను ఆపేసినవాళ్లు. ఎముక నష్టం మీకు చాలా వేగంగా ఉంటుంది, హార్మోన్ మాత్రలు మీకు సాధారణంగా పనికిరావు. వైద్యం మొదలుపెట్టే రోజుల్లోనే డెక్సా గురించి, జోలెండ్రోనిక్ యాసిడ్ గురించి ఆంకాలజిస్టునే (క్యాన్సర్ డాక్టరు) అడగండి.

ఏది మొదలుపెట్టినా ఏడాదికో రెండేళ్లకో డెక్సా మళ్లీ తీయించుకోవాలి. మొదట తీసిన సెంటర్లో, అదే మెషీన్ మీద. వేరే కంపెనీ మెషీన్ అంకెలతో పోల్చడం కుదరదు. పోల్చేటప్పుడు టి-స్కోర్ బదులు చదరపు సెంటీమీటరుకు ఎన్ని గ్రాములని ఇచ్చే సాంద్రత అంకె చూడమని డాక్టరును అడగండి. రెండు మూడు శాతం లోపు తేడా కొలతలో వచ్చేది కూడా కావచ్చు, దాన్నిబట్టి మందు మానడం గానీ, కొత్త మెషీన్ కొనడం గానీ చేయకండి.